ఉత్తుత్తి కండ

గురువారం సాయంత్రం అక్క యూనివర్సిటీ నుంచి వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "కండ బీటలు వారిందే" అంది.

బహ్రెయిన్‌లో, సనాబిస్‌లో వాళ్ళింట్లో నేను పనికి కుదిరి అప్పటికే ఏడాది దాటింది కాబట్టి నేనేమీ కంగారుపడలేదు. మొదటి నెలలో అయితే ఆ మాటకి చేతిలో గిన్నె వదిలేసేదాన్ని.

అక్క అంటే నా సొంత అక్క కాదు. కాకినాడ ఆవిడ. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతుంది, పరిశోధన కూడా చేస్తుంది. నేను చేరిన కొత్తలో మేడం అని పిలిస్తే, "ఆ పిలుపు అక్కడ పొద్దస్తమానం వినేదే, ఇంట్లో వద్దు తల్లీ" అంది. నేను రాజోలు వైపు నుంచి వచ్చినదాన్ని, పదో తరగతి తప్పినదాన్ని. అయినా కూరలు తరుగుతూ తన పరిశోధన అంతా నాకే చెప్పేది. సార్‌కి, అంటే వాళ్ళాయనకి, చెబితే ఆయన టీవీ సౌండు పెంచేవారు మరి.

అక్క చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది. నీలంగా ఒక మందు ఉంటుంది. దాన్ని ఎక్కిస్తే వెళ్ళి క్యాన్సర్ గడ్డలో కూర్చుంటుంది. కూర్చుని ఊరికే ఉంటుంది. పైనుంచి ఎర్ర లైటు వేస్తే అప్పుడు లేచి గడ్డని చంపుతుంది. షుగరు జబ్బు వాళ్ళకి కాళ్ళ మీద పుండ్లు పడతాయి కదా, వాటిలో చేరే క్రిముల్ని కూడా అదే మందు, అదే లైటు చంపుతాయట. అంతా విని, "అచ్చం మా తమ్ముడేనండి అక్కా, మొహం మీద లైటు వేస్తే గాని లేవడు" అన్నాను. అక్క నవ్వి నవ్వి బెండకాయలు కింద పోసేసింది.

అయితే లైటు ఒంట్లోకి ఎంత లోతు వెళుతుందో ముందు తెలియాలి. మనిషిని కోసి చూడలేరు కదా. అందుకని ఉత్తుత్తి కండ తయారు చేస్తారు. నీళ్ళు, పాలు, గడ్డకట్టే పొడి, ఒక్క చుక్క నల్ల సిరా. పాలు లైటుని చెదరగొడతాయి, సిరా మింగేస్తుంది, మన ఒళ్ళూ అదే పని చేస్తుంది అని చెప్పింది అక్క. ఉత్తుత్తి కండ అని పేరు పెట్టింది మాత్రం నేనే. అక్క వాడే ఇంగ్లీషు పేరు ఫాంటమ్, అది దెయ్యం పేరులా ఉంటుంది, నాకు నచ్చలేదు.

ఆ గురువారం బీటలు వారింది ఆ కండే. లాబ్‌లో ఏసీ గాలికి ఎండిపోయింది. మామూలప్పుడైతే మళ్ళీ చేసుకునేది. కానీ ఆదివారం పొద్దున్నే విదేశం నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వస్తున్నాడు. ఆయన చూసి బాగుందంటేనే అక్క కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే వేసవి సెలవులకి సామాను సర్దుకోవాలి. ఈ ఇల్లు యూనివర్సిటీ ఇచ్చిందే, నా వీసా కూడా అక్క పేరు మీదే. అక్క ఉద్యోగం పోతే రెండూ ఉండవు. మా ఊళ్ళో రెండు గదులకి అప్పుడే స్లాబు వేయిస్తున్నాం. అంటే ఆ కండ మీద మా స్లాబు కూడా ఆనుకుని ఉందన్నమాట.

వారాంతపు సెలవు శుక్ర శనివారాలకి మారిన కొత్తలవి. ఆ రెండు రోజులూ లాబ్‌కి తాళం. "ఇంట్లోనే చేద్దాం" అంది అక్క, సంచీలోంచి పొడి డబ్బా తీస్తూ.

ఇంట్లో అంటే పెద్దమ్మగారు ఉన్నారు. సార్ వాళ్ళమ్మ. రాజమండ్రి నుంచి మూడు నెలలకని వచ్చారు. వచ్చిన రోజునే ఫ్రిజ్‌లో పై రెండు అరలూ తనవని ప్రకటించారు. డబ్బా చూసి, "ఏమిటే అది?" అన్నారు.

"గడ్డకట్టించే పొడి అత్తయ్యా."

"దేంతో చేస్తారు?"

అక్క దగ్గింది. నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఎవరూ అడక్కుండానే సార్ హాల్లోంచి, "పశువుల ఎముకలమ్మా, ఉడకబెట్టి తీస్తారు" అన్నారు. బ్యాంకులో పనిచేసే ఆయనకి ఎముకల సంగతి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మగారు అరవలేదు. చెంగు దులుపుకుని, "సరే, నా మందులు, నా చెంబు సర్దు. ఎయిర్‌పోర్టు దగ్గర అరాద్‌లో మా పెదనాన్న మనవడు ఉన్నాడు, వాడింట్లో ఉంటాను" అన్నారు. ఆ మనవడు ఇంట్లో కోళ్ళు వండుకుంటాడని మాకందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

చివరికి రాజీ కుదిరింది. ఎముకలు వద్దు, చైనా గ్రాస్ వాడదాం. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఇక్కడ ఉపవాసాల నెలలో అందరూ దాంతోనే స్వీట్లు చేస్తారు. "క్రిముల్ని పెంచే ప్లేట్లు కూడా దాంతోనే చేస్తాం" అని అక్క చెప్పబోతే నేను తన కాలు తొక్కాను.

శుక్రవారం చర్చిలో మా తెలుగు సహవాసం. ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి, "మా అక్క చేసే కండ బీటలు వారకుండా గడ్డకట్టేలాగా ప్రార్థించండి" అన్నాను. వెనక వరసలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. పాస్టరుగారు కళ్ళు తెరిచి, "ఏ భాగంలోనమ్మా?" అని అడిగారు. "డబ్బాలోనండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్రభువుకి అన్నీ తెలుసు కదా అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

అక్కణ్ణుంచి జిదాఫ్స్ మార్కెట్‌కి వెళ్ళి చైనా గ్రాస్ కొన్నాను. కొట్టతను మలయాళీ. ఉన్నవన్నీ ఇమ్మంటే, "పెళ్ళా చేచీ?" అన్నాడు. వాళ్ళ భాషలో చేచీ అంటే అక్క. "కాదు భాయ్, క్యాన్సర్ కోసం" అన్నాను. పాపం బిల్లు తగ్గించి ఇచ్చాడు. కారణం చెబుదామనుకునేలోపు వెనక ఉన్నవాళ్ళు "యల్లా యల్లా" అని తొందరపెట్టి తోసేశారు.

శనివారం సాయంత్రం అక్క అన్నీ కొలిచి గిన్నెల్లో పెట్టింది. పాలు ఒక గిన్నె, నీళ్ళు ఒక గిన్నె, సిరా చుక్క విడిగా. "చైనా గ్రాస్ పూర్తిగా కరగాలి, పాలు పోశాక కలుపుతూనే ఉండాలి, ఆపకూడదు" అని చెప్పి, ఆదివారం చెప్పబోయే ఉపన్యాసం ప్రాక్టీసు చేసుకోవడానికి గదిలోకి వెళ్ళింది. వినడానికి సార్‌ని కూడా లాక్కెళ్ళింది.

నేను కలుపుతూ ఉండగా గుర్తొచ్చింది, డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ కాగితం అయిపోయిందని. అది లేకపోతే మళ్ళీ బీటలే. పెద్దమ్మగారు గరిట అందుకుని, "వెళ్ళిరా, కలపడం నాకు రాదా ఏమిటి" అన్నారు. రెండు రోజులుగా కోడలితో మాట్లాడని మనిషి తనంతట తాను గరిట పట్టుకుంటే నాకు సంతోషమేసింది. కింద కొట్టుకి పరిగెత్తి, కాగితం తెచ్చి, డబ్బాల్లో పోసి, చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టాను. వంటిల్లు యాలకుల వాసన వేస్తోంది. ఆవిడ టీలో ఎప్పుడూ యాలకులు దంచి వేసుకుంటారు. టీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న కారులో డబ్బాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్క బ్రేకు వేసినప్పుడల్లా అవి లోపల వణికేవి, పైన నేను వణికేదాన్ని.

లాబ్‌లో ముగ్గురే ఉన్నారు. తెల్ల కనుబొమ్మల ముసలాయన ఒకరు, ఆయనే పెద్ద ప్రొఫెసర్. అక్క డిపార్ట్‌మెంటుకి హెడ్డు ఒకరు, బహ్రెయినీ ఆవిడ, నల్ల అబాయా మీద తెల్ల కోటు. మూడో ఆయన మీటరు దగ్గర కూర్చునే టెక్నీషియన్. నన్ను గోడ పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు.

లైటు ఎంత లోతుకి ఎంత అందుతుందో అక్క ముందే లెక్కగట్టి బోర్డు మీద రాసింది. కండలో సన్నటి తీగ గుచ్చారు. దీపాలార్పి ఎర్ర లైటు వేశారు. డబ్బా లోపల అంతా సంధ్యాకాశంలా ఎర్రబడింది. మీటరు మీద అంకె వచ్చింది.

అక్క రాసినదానికంటే చాలా ఎక్కువ.

ముసలాయన కనుబొమ్మలు పైకి లేచాయి. బ్రహ్మాండంగా ఉంది, అనుకున్నదానికంటే లోతుకి వెళుతోంది అని ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. మా స్లాబుకి పైన ఇంకో అంతస్తు లేచినంత సంబరమేసింది. కానీ అక్క మొహంలో సంబరం లేదు. బోర్డు వంక చూసింది, డబ్బా వంక చూసింది. అప్పుడే హెడ్డు మేడం డబ్బా మీదకి వంగి, గాలి పీల్చి, నా వైపు తిరిగి హిందీలో, "యే హేల్ హై నా?" అంది. ఇక్కడి అరబ్బీలో యాలకుల్ని హేల్ అంటారు, వాళ్ళ కాఫీ నిండా అదే.

నా గుండె జారి స్టూలు కిందికి పోయింది.

అక్క ఒక చెంచా తీసుకుని, ఒక మూల నుంచి కండ ముక్క తీసి, నోట్లో వేసుకుంది. ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్క నమిలింది, మింగింది, నా వైపు తిరిగి తెలుగులో, "పాకం పట్టినట్టుందే" అంది.

"పెద్దమ్మగారికి గరిట ఇచ్చి కాగితానికి వెళ్ళానండి" అన్నాను.

అక్క కావాలంటే ఊరుకోవచ్చు. ముసలాయన పొంగిపోతున్నాడు, యాలకులకి మీటరు మీద అంకె ఉండదు. అక్క మాత్రం కళ్ళు మూసుకుని ఒకసారి ఊపిరి పీల్చుకుని, ఈ అంకె సరైంది కాదు, ఇందులో బోలెడు చక్కెర పడింది, చక్కెర కలిస్తే పాలలో లైటు చెదరడం తగ్గి లోతుకి పోతుంది, మనిషి ఒంట్లో ఇంత పోదు అని చెప్పేసింది. చక్కెర ఎలా పడిందని ముసలాయన అడిగాడు. "మా అత్తగారు. శుభమా అని చేసేది చప్పగా పంపకూడదని వేసి ఉంటారు" అంది.

హెడ్డు మేడం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"రేపు" అన్నాడు ముసలాయన. "చక్కెర లేకుండా. రేపు సాయంత్రమే నా విమానం."

తిరిగొచ్చేటప్పుడు ఎడారి రోడ్డు మీద అక్క, "అత్తయ్యకి చెప్పకు. ఇన్నాళ్ళకి నా పనిలో చెయ్యి వేశారు" అంది. బాగానే ఉంది. చెప్పకూడదు, కానీ ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. ఆ బాధ్యత నాది.

ఇంట్లో అడుగు పెట్టగానే పెద్దమ్మగారు గుమ్మంలోనే, "ఏమన్నారు?" అన్నారు.

"వాసన బాగుందన్నారండి పెద్దమ్మగారూ."

"అంటారు మరి. ఆ చప్పిడి పిండం పట్టుకెళితే ఉద్యోగం ఎవరిస్తారు?"

"రేపు ఇంకోటి తెమ్మన్నారండి. అయితే తినడానికి వేరే, చూడ్డానికి వేరే. తినేది మీరే చెయ్యాలట." ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు, నోట్లోంచి ఊడిపడింది.

ఆవిడ పొంగిపోయారు. రెండో పొయ్యి తనకి ఇమ్మన్నారు. అలా ఒక పొయ్యి మీద ఆవిడ స్వీటు, ఇంకో పొయ్యి మీద నా కండ. మధ్యలో నేను గోడలా నిలబడ్డాను. ఆవిడ చెయ్యి చక్కెర డబ్బాతో ఇటు వచ్చినప్పుడల్లా, "పెద్దమ్మగారూ, మీది అడుగంటుతోందేమో చూడండి" అనేదాన్ని.

"నాది ఎందుకు అంటుతుందే, నలభై ఏళ్ళ చెయ్యి."

"మరి నాది చూడకండి, దిష్టి తగులుద్ది."

"ఆ మొహానికి దిష్టొకటి" అంటూనే వెనక్కి తగ్గేవారు. కండని ప్లాస్టిక్ డబ్బాల్లో పోశాను, ఆవిడది స్టీలు గిన్నెలో పోశాను. ఇంక కలవదు.

సోమవారం మళ్ళీ అదే గది, అదే స్టూలు. తీగ గుచ్చారు, లైటు వేశారు. నేను మీటరు వంక చూడలేదు, అక్క మెడ వెనక ముడి వంక చూస్తూ కూర్చున్నాను. హెడ్డు మేడం అంకె పైకి చదివింది. నిన్నటికంటే బాగా తక్కువ. అక్క బోర్డు మీద రాసినదానికి ఇంచుమించు అంతే. ముసలాయన తన చేత్తో తీగ తీసి, ఇంకో చోట గుచ్చి, మళ్ళీ చూశాడు. మళ్ళీ అంతే. అక్క ఆ రెండు రోజుల్లో మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

ముసలాయన బోర్డు ముందు చాలాసేపు నిలబడి, ఏదో తక్కువ గొంతుతో హెడ్డు మేడంతో మాట్లాడాడు. మేడం అక్క దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. వచ్చే ఏడాదికి ఉంటావు, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అంది. ఒక్క ఏడాదేనా అని నాకనిపించింది, కానీ స్లాబుకి ఏడాది చాలు.

అప్పుడు నేను స్టీలు గిన్నె మూత తీశాను. పైన పిస్తా, యాలకులు. కప్పుల్లో పెట్టి ఇస్తే మేడం వెంటనే తినేసింది. ముసలాయన మాత్రం చెంచా గాల్లో ఆపి, ప్లాస్టిక్ డబ్బా వంక, కప్పు వంక మార్చి మార్చి చూశాడు. చివరికి నేను ఆయన ఎదురుగా నిలబడి ఒక చెంచా తిని, మింగి, నోరు తెరిచి చూపించాను. అప్పుడు తిన్నాడు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

"తిన్నారా?" అన్నారు పెద్దమ్మగారు.

"తిన్నారండి."

"ఆ ముసలాయన?"

"రెండుసార్లండి. ఉద్యోగం కూడా ఏడాది పొడిగించారండి."

"అది సరేలే. పిస్తా తక్కువైందని ఎవరూ అనలేదు కదా?"