కుప్పల దగ్గర నేర్చిన త్రో

ఈ మధ్య కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేసింది. ఫ్యాను స్విచ్చి వేయాలన్నా ఎడమ చేతిని బతిమాలుకోవలసి వస్తుంటే, ఇక తప్పక గుడివాడలోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాను. మొన్న ఆ అమ్మాయి నా చేతుల్లో బరువైన రబ్బరు బంతి ఒకటి పెట్టి, రెండు చేతులతో తల మీదికి ఎత్తి గోడకేసి నెమ్మదిగా విసరమంది. విసిరాక జబ్బ నొక్కి చూసి, పట్టేసింది గానీ కండ మాత్రం గట్టిగా ఉందండీ, వయసులో ఏం చేసేవారని అడిగింది. ఫుట్‌బాల్ ఆడేవాణ్ణమ్మా అన్నాను. ఫుట్‌బాల్‌కి చేతులెందుకండీ అని నవ్వింది. నేనూ నవ్వాను.

మా కాలంలో మైదానం చుట్టూ నిలబడి ఆట చూసినవాళ్లకు ఎందుకో తెలుసు. బంతి పక్క గీత దాటి బయటకు పోతే, దాన్ని రెండు చేతులతో తల వెనక నుంచి లోపలికి విసరాలి. మామూలుగా దగ్గరున్న మనవాడికి అందిస్తారు. అదే విసిరేవాడి చేతుల్లో సత్తువుంటే బంతి నేరుగా గోల్ ముందు పడుతుంది, అక్కడ తల ఆనించేవాడొకడుంటే చాలు. అంత దూరం విసిరేవాడు ఆ రోజుల్లో జట్టుకొకడు కూడా ఉండేవాడు కాదు.

మాది దివిసీమలో ఒక పల్లె. నాన్న, అమ్మ ఇద్దరూ రైతుల పొలాల్లో కూలికి వెళ్లేవారు. మా చర్చి పాస్టరు గారి పుణ్యాన నేను బందరులో హాస్టల్లో ఉండి హైస్కూలు చదివాను. చదువు అంతంత మాత్రం. లెక్కల గంటలో బల్ల మీద నిలబడినంత సేపు నేను కూర్చుని ఉండను. నా ఆశంతా ఒక్కటే, మా డ్రిల్లు మాస్టారిలా కావాలని. తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు, నెల తిరిగేసరికి జీతం, ఆపైన ఎండలో పనిచేసినా కూలి అనిపించుకోని బతుకు. అది కావాలంటే డ్రిల్లు మాస్టర్ల ట్రైనింగులో సీటు రావాలి, నా మార్కులకు ఆ సీటు రావాలంటే జిల్లా జట్టులో ఆడి ఉండాలి. ఇంకో దారి లేదు.

చిక్కేమిటంటే నేను పెద్ద ఆటగాణ్ణి కాను. పరుగు తక్కువ, కాలిలో ఒడుపు ఉండీ లేనట్టుండేది. పొడుగ్గా ఉండేవాణ్ణి, అంతే. మాస్టారు ఒక సాయంత్రం నన్ను గీత దగ్గర నిలబెట్టి విసిరించి చూశారు. బంతి సగం దూరం పోయి చతికిలబడింది. చేతులా అవి, మునక్కాడలా అని మురిపెంగానే తిట్టి, "మీ ఊళ్లో కుప్పలేస్తార్రా? ఈ క్రిస్మస్ సెలవులకి వెళ్లి కుప్ప మీదకి కట్టలందియ్యి. దాన్ని మించిన కసరత్తు ఏ బడిలోనూ లేదు" అన్నారు. ఆయన చెప్పింది నాకు వేదవాక్కే.

కోసిన వరి ఆరాక కట్టలు కట్టి, గుండ్రంగా పేర్చి కుప్ప వేయడం ఇప్పటి పిల్లలకు తెలియదు. నెత్తిన మోసుకొచ్చిన కట్టను కింది మనిషి తల మీద నుంచే రెండు చేతులతో పైకి విసిరితే, కుప్ప మీదున్నవాడు అందుకుని వెన్నులు లోపలికుండేలా సర్దుతాడు. కుప్ప నడుమెత్తు ఉన్నప్పుడు పిల్లలాట. అది మనిషిని మించి పెరిగాక కట్ట పైకి పోక మన మొహం మీదే పడుతుంది. ఎండుగడ్డి మెడంతా కోసేసి దురద, కళ్లల్లో నుసి, మధ్యాహ్నానికల్లా చేతులు ఊడి పడినట్టుండేవి. నాన్న నా అవస్థ చూసి కాసేపు నవ్వుకుని, తర్వాత దగ్గరకొచ్చి కిటుకు చూపించాడు. "చేతులతోనే ఎక్కడ లేస్తదిరా, ఒళ్లంతా ఇయ్యాలి" అంటూ విల్లులా వెనక్కి వంగి, కట్ట చేతులు వదిలే క్షణంలో ఒక చిన్న ఎగురు ఎగిరాడు. వెనక కాలు గాలిలోకి లేచింది, కట్ట పిట్టలా వెళ్లి పైన వాలింది. ఆ ఎగురు పట్టుబడడానికి నాకు ఒక కుప్ప పట్టింది. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. మాకు సెలవులిచ్చినప్పుడల్లా, కుప్పలున్నన్నాళ్లూ, నాన్న పక్కన నేనే.

సెలవులయ్యాక బందరులో మొదటిసారి విసిరిన బంతి గోల్ దాటి అవతల కూర్చున్నవాళ్ల మధ్య పడింది. మాస్టారు విజిలు నోట్లోంచి తీసి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడూ, ఆపై ఏడూ చుట్టుపక్కల పందేల్లో మా బడికి ఎదురులేదు. బంతి పక్కకు పోతే చాలు, జనం లేచి నిలబడి నేను విసిరేదాకా కూర్చునేవారు కాదు. కప్పులు వచ్చాయి, మాస్టారికి శాలువాలు పడ్డాయి, హెడ్మాస్టరు గదిలో ఆయనకు కుర్చీ వేశారు. ఆ పందేలకు విజిలు ఊదేవాళ్లంతా పక్క బళ్ల డ్రిల్లు మాస్టర్లే, ఆటయ్యాక అందరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్లే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందరూ భుజం తట్టారు.

జిల్లా జట్టు ఎంపిక గుడివాడలో జరిగింది. నాన్న ఆ రోజు కూలి మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బస్సులు మారి వచ్చి మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. ఆట మొదలైన కాసేపటికే బంతి పక్కకు పోయింది. నేను వెనక్కి వంగి, ఎగిరి విసిరాను. గోల్ ముందు మావాడు తలతో కొట్టాడు, బంతి లోపలికి వెళ్లింది, నేను రెండు చేతులూ పైకెత్తాను. రిఫరీ మాత్రం గోల్ వైపు చూడనేలేదు, నా కాళ్ల వైపే చూస్తూ విజిలు ఊదాడు. చెల్లదన్నాడు, బంతి అవతలి వాళ్లకిచ్చాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మళ్లీ విసిరాను, మళ్లీ ఊదాడు. సెలెక్టరు పెద్దమనిషి ఒకాయన నన్ను పిలిచి, విసిరేటప్పుడు రెండు కాళ్లూ నేల మీదే ఉండాలి కదయ్యా, ఆ మాత్రం తెలియకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చావు అన్నాడు. నాకు నిజంగానే తెలియదు. అప్పుడాయన మాతో వచ్చిన మా మాస్టారి వైపు తిరిగి, ఎవరండీ నేర్పింది అని అడిగాడు.

"చెప్తూనే ఉన్నానండీ, వింటేగా. కూలోళ్ల పిల్లలు, పొలంలో పట్టుకున్న అలవాటు ఊరికే పోద్దా?" అన్నారు మాస్టారు.

ఆయన నా వైపు చూడలేదు. తాడు అవతల నాన్న విన్నాడు. కాలు కింద పెట్టి విసరమన్నారు, విసిరాను. ఒంటికి ఆ పద్ధతి కొత్త, బంతి మొదటి రోజుల్లోలాగే సగం దూరంలో చతికిలబడింది. జట్టు పేర్లు చదివినప్పుడు నా పేరు లేదు.

తిరుగు బస్సులో నాన్న, "పొలం పంపింది ఆయనే కదరా?" అన్నాడు. అవునన్నాను. "మరైతే ఎగరమని నేర్పింది నేను" అన్నాడు. అలా అనుకోవద్దని ఎంత చెప్పినా, మా నాన్న పోయేదాకా అలాగే అనుకున్నాడు. సీటు పోయినందుకంటే ఎక్కువగా, ఆ నేరం మా నాన్న నెత్తిన పెట్టినందుకే మాస్టారి మీద నాకు కోపం. అది ఈనాటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. తర్వాత గుడివాడలో రైసుమిల్లులో బస్తాల దగ్గర చేరి, అక్కడే తలనెరిసింది.

చాలా ఏళ్ల తర్వాత బందరులో పాత విద్యార్థులంతా కలిస్తే, అడగాలనే వెళ్లాను. మాస్టారు బాగా పెద్దవారైపోయారు. అందరూ ఆయన కాళ్లకు దండం పెడుతున్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టి, జబ్బ పట్టుకుని, వీడు నా తయారీ అని పక్కవాళ్లకు చెప్పారు. జనం పలచబడ్డాక అడిగాను, నా కాలు లేవడం ఆ రెండేళ్లలో మీరు చూడలేదాండీ అని. ఆయన తడబడలేదు, దాచలేదు.

"చూడకేం? మొదటి రోజే చూశాను. చెప్తే నువ్వు అంత దూరం విసిరేవాడివంట్రా?"

ఇప్పుడు దివిసీమలో కోత మిషన్లు వచ్చి ధాన్యం ధాన్యంగా, గడ్డి గడ్డిగా పొలంలోనే వేరు చేసేస్తున్నాయి. కుప్ప ఎలా ఉండేదో చూపిద్దామన్నా కనబడదు. ఇప్పటి పిల్లలు విసురుతుంటే పక్కవాడు ఫోనులో తీసి, అక్కడికక్కడే ఆపి, కాలు ఎక్కడ లేచిందో చూపిస్తున్నాడు. వాళ్లు నాలుగు తిట్లు తిట్టుకుని, కాలు దించి, మళ్లీ విసురుతున్నారు. మైదానం గోడ పక్కన నిలబడి చూస్తుంటే నాకు ముచ్చటా వేస్తుంది, కడుపులో మంటా పుడుతుంది. మాస్టారు అన్నదే నిజమేమో, రెండు కాళ్లూ నేల మీద ఉంచి నేను అంత దూరం విసరలేకపోయేవాణ్ణేమో. విసిరేవాణ్ణేమో కూడా. చేతుల్లో సత్తువున్న ఆ రెండేళ్లలో నన్నెవరూ అలా విసిరి చూడమనలేదు.