పక్క పెళ్లి గట్టిమేళం

ఆ రోజుల్లో ఫోనుకు కెమెరా ఉండటమే గొప్ప. దాంతో ఏం తియ్యాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. మొన్న తిరువళ్ళూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఈ మాట గుర్తొచ్చింది. బల్ల మీద, నీళ్ళ సీసా పక్కన, ఒక చిన్న అట్టముక్క నిలబెట్టి ఉంది. దాని మీద నలుపు తెలుపు గళ్ళు, కింద తమిళంలో ఒక మనవి: దీన్ని స్కాన్ చేసి, ఈ పెళ్లిలో మీరు తీసిన ఫోటోలన్నీ మాకు పంపండి అని. నా పక్కన కూర్చున్న పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది ఐస్‌క్రీముకు టోకెనా, నాయనా?" అని అడిగాడు. కాదని చెప్పాను. ఆయన దానిమీద ఆశ వదులుకుని సాంబారు వైపు తిరిగాడు. నాలో నేను నవ్వుకున్నాను. చాలా ఏళ్ళ కిందట మా ఇంట్లో ఈ అట్టముక్క పని చేసింది నేనే.

అప్పుడు మా అక్క పెళ్లి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. మా ఇద్దరినీ పెంచింది నాన్న తల్లి, మా అవ్వ. అక్క పెళ్లి తిరుత్తణి కొండ మీద స్వామి సన్నిధిలో చేస్తానని మొక్కుకున్నదీ అవ్వే. ఆ మొక్కుకున్న మనిషి సరిగ్గా పెళ్లికి ముందు స్నానాల గదిలో జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచం మీద పడుకునే, ముహూర్తం మార్చడానికి వీల్లేదని ఆజ్ఞ వేసింది. "నేను రాకపోతే స్వామికేం తక్కువ కాదు. తాళి కట్టేది మాత్రం ఫోటో తీయించుకోని రాండి. అది నేను కండ్లారా చూడాల." తాళిబొట్టు తన బంగారు గాజు కరిగించి చేయించింది. పసుపుతాడుకు గుచ్చింది కూడా తానే, ఆ మంచం మీదే, ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా.

ఫోటోలకు మా వీధి చివర స్టూడియో ఆయన్ని కుదుర్చుకున్నాం. ఆయన్ని అందరూ స్మైల్ అన్న అనేవారు. ఎవర్ని తీసినా ముందు "స్మైల్, స్మైల్" అనటం ఆయన అలవాటు. (ఒకసారి చావు ఇంట్లో కూడా అన్నాడని మా వీధిలో చెప్పుకునేవారు. నేను చూడలేదు.) ఆయనకు లొంగని మనిషి మా నాన్న ఒక్కడే. నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. ఫోటో అంటే ఆయన దృష్టిలో రేషన్ కార్డుకు తీసేదే. కెమెరా కనిపిస్తే చాలు, చేతులు రెండూ తొడలకు అంటించి, ఊపిరి బిగబట్టి, ప్రభుత్వం ముందు నిలబడ్డట్టు నిలబడేవాడు. వీడియో సాయంత్రం రిసెప్షనుకు ఉంటే చాలని మగపెళ్లివారు అన్నారు. కాబట్టి తాళి కట్టే ఘట్టం మొత్తం స్మైల్ అన్న చేతిలోనే ఉంది.

తిరుత్తణి కొండ మీద మంచి ముహూర్తం రోజు ఒక్క పెళ్లి ఉండదు. ఒకే మంటపంలో, ఒకే ముహూర్తానికి, ఒకరి వీపు ఒకరికి తగిలేంత దగ్గరగా పెళ్లిళ్ళు జరుగుతుంటాయి. మా పక్కన ఇంకో తెలుగువాళ్ళ పెళ్లి. రెండు వైపులా పెళ్లికూతురికి లక్కలాంటి ముదురెరుపు, అరక్కు రంగు పట్టుచీరే. రెండు వైపులా ముక్కు దాకా పూలదండలు. పురోహితుడు చెయ్యి ఊపితే "గట్టిమేళం, గట్టిమేళం" అని నలుగురూ అరుస్తారు, డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా హోరెత్తుతాయి, వరుడు తాళి కడతాడు. ఆ మోత వినబడితే మావాళ్ళ చేతులు ఇక ఎవర్నీ అడగవు. గుప్పిట్లో ఉన్న అక్షింతలు విసిరేస్తాయి. ఆ రోజు ముందుగా మోగింది పక్క పెళ్లి గట్టిమేళం. మావాళ్ళంతా అక్షింతలు విసిరేశారు. మా కాబోయే బావ తాళి ఇంకా పళ్ళెంలోంచి తీసుకోనేలేదు. నెత్తిన బియ్యంతో, ఏమైందో తెలియక, అక్క వైపు చూశాడు. స్మైల్ అన్న ముక్కాలిపీట మీద నిలబడి, మేళం ఎటు మోగితే అటు తిరిగి, టపటపా తీసేశాడు.

మా గట్టిమేళం ఆ వెంటనే మోగింది. అప్పటికి మావాళ్ళ చేతుల్లో ఒక్క గింజ లేదు. సగం మంది నేల మీద వంగి ఏరుకుంటున్నారు. మా చిన్నమ్మ పక్క పెళ్లివాళ్ళ పళ్ళెంలోంచి ఒక పిడికెడు అప్పు తెచ్చింది. నేను కూడా వంగినవాళ్ళలోనే ఉన్నాను. తల ఎత్తేసరికి అక్క మెడలో తాళి ఉంది.

మర్నాడు స్టూడియోలో స్మైల్ అన్న కంప్యూటరు తెరిచి, "ఎల్లామే వందుడుచ్చు సార్," అంతా వచ్చేసింది అని, గర్వంగా చూపించాడు. నిజంగానే వచ్చేసింది. వేళ్ళు, ముడి, తాళి, పైనుంచి రాలుతున్న బియ్యపు గింజలు, అన్నీ ఎంతో స్పష్టంగా. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ బిడ్డ ఎవురు?" అన్నాడు.

స్మైల్ అన్న తెర దగ్గరికి వంగాడు. ఆ పూట ఆయన నోట స్మైల్ అనే మాట రాలేదు.

ఇంట్లో అవ్వ అడుగుతూనే ఉంది. "ఏమిరా, ఫోటో వచ్చిందా?" అని. కడుగుతున్నారని చెప్పాం. "ఎంతసేపు కడుగుతార్రా, ఫోటోను? తోలు ఊడిపోదూ?" ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాణ్ణీ ఉద్యోగం లేనివాణ్ణీ నేనే కాబట్టి, పెళ్లికి వచ్చిన ప్రతి బంధువు ఫోనూ వెతికి ఆ ఒక్క క్షణాన్ని పట్టుకొచ్చే పని నాకు పడింది. ఒక కేబులూ, ఒక మెమరీ కార్డు రీడరూ సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మనుషులు పెళ్లిలో ఏం చూస్తారో నాకు అప్పుడు తెలిసింది. మా పెదనాన్న ఫోన్లో కొండ మీద తన చెప్పులు విడిచిన చోటు ఉంది, నాలుగు దిక్కుల నుంచీ. (మరిచిపోకుండా ఉండేందుకట. అయినా వేరేవాళ్ళ చెప్పులతో ఇంటికొచ్చాడు.) పళవేర్కాడు మామ ఫోన్లో భోజనం ఆకు, ప్రతి వడ్డనకూ ఒక ఫోటో. చేపల ఊరివాడు మూడు పూటలు కూరగాయలు తిన్నానని ఇంటికెళ్ళి రుజువు చూపించాలట. చిన్నమ్మ ఫోన్లో ఊరందరి చీరల అంచులు, ఏ అంచు పైనా ముఖం లేదు. మిగిలినవన్నీ కొండ మీది కోతులు. తాళి కట్టే క్షణానికి దొరికినవి వంగిన వీపులు, అంతే. "నన్నడిగితే ఏం లాభమబ్బా," అని పెదనాన్న నన్నే తప్పుబట్టాడు, "రెండు చేతులా ఏరుకుంటా ఉంటే ఫోను నోటితో పట్టుకోమంటావా?"

చివరికి స్మైల్ అన్నే ఒక ఉపాయం చెప్పాడు. పక్క పెళ్లి ఫోటోలో ముఖాలు తీసేసి మా అక్కా బావల ముఖాలు అతికిస్తానన్నాడు. చీర రంగు ఒకటే, దండలు ఒకటే, ముసలావిడకేం తెలుస్తుందన్నాడు. నాకూ అది గొప్ప ఆలోచనలాగే తోచింది. నాన్నకు చెప్పకుండా ఆ ఫోటో తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ కిటికీ వెలుతురులోకి జరిపి చూసింది. ముఖాల జోలికి పోనేలేదు.

"ఇది మన బొట్టు కాదే," అంది. "మనది రెండు గుండ్రం బిళ్ళలు. ఇదేందిరా, ఆకు మాదిరి ఉండాది? నేను గుచ్చింది యాడ?"

అవ్వ ఫోటో దుప్పటి మీద బోర్లా పెట్టింది. కోప్పడలేదు. "కట్టినాడా, లేదా?" అని మాత్రం అడిగింది. ఆ అడగటంలో నిజమైన భయం ఉంది. ఇంత మంది ఇన్నాళ్ళు తన దగ్గర ఏదో దాస్తున్నారంటే, మంటపంలో ఏదో జరగకూడనిది జరిగిందనే ఆమెకు తోచింది. తాను పెంచిన తల్లిలేని పిల్ల. అక్క ఫోన్లో మాట్లాడింది, బావ మాట్లాడాడు, నాన్న ఒట్టు వేశాడు. అవ్వ అందరికీ సరే అంది. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మళ్ళీ స్టూడియోకి పోయి, ఆ తప్పు ఫోటోలన్నీ పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. ఒకదానిలో, ఆ పెళ్లికూతురు వెనక ఒకామె చంకలో తాంబూలం సంచుల కట్ట ఉంది. పసుపు గుడ్డ సంచులు, మా వైపు ప్రతి పెళ్లిలో టెంకాయ వేసి ఇచ్చేవి. సంచి మీద వధూవరుల పేర్లు, ఊరు అచ్చు వేయించటం ఆచారం. ఊరు ఆర్.కె.పేట. మావాళ్ళు వాళ్ళ పెళ్లి తీసినట్టే, వాళ్ళలో ఎవరైనా మా పెళ్లి తీసి ఉండకూడదా అనిపించింది. తర్కం కాదు, వేరే దారి లేదు. వాళ్ళ ఫోటోలన్నీ ప్రింటు తీయించి, ఒక కవరులో వేసుకుని బస్సెక్కాను.

ఆర్.కె.పేటలో టీకొట్టు దగ్గర ఆ పేర్లు చెబితే ఇల్లు చూపించారు. గుమ్మంలో పెళ్లికూతురు తండ్రి. కవరులోంచి పై ఫోటో తీసి ఆయన చేతికిచ్చాను. అది ఎంత తెలివితక్కువ పనో ఇచ్చాక తెలిసింది.

"ఎవురు నువ్వు?" అన్నాడాయన. "మా బిడ్డ ఫోటో నీ కాడ ఎందుకుండాది?"

నేను గట్టిమేళం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మధ్యలో అక్షింతలు, అవ్వ కాలు, పెదనాన్న చెప్పులు కూడా వచ్చేశాయి. ఆయన ముఖం ఏమీ మారలేదు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, కవరు లాక్కుని, ఒక్కొక్కటే చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత వెనక గది వైపు తిరిగి అరిచింది. "రేయ్, ఇట్ల రా. నువ్వు నాశనం చేసింది ఎవురో పుణ్యాత్ముడు తీసినాడు, చూడు."

వచ్చినవాడు ఆమె తమ్ముడు. వాళ్ళు ఫోటోగ్రాఫరును పెట్టుకోలేదు. కొత్త ఫోను కొన్న మేనమామే అన్నీ తీస్తానని మాటిచ్చాడట. ఆయన పొట్టి మనిషి. గట్టిమేళం మోగేసరికి జనం తోసిన తోపుకు రెండు చుట్లు తిరిగి, ఫోను తల పైకెత్తి, కనబడిన అరక్కు చీరకు గురిపెట్టి నొక్కాడు. ఇంటికొచ్చి చూస్తే పెళ్లికూతురు వేరే. అప్పట్నుంచి వాళ్ళ అక్క, ఆ పెళ్లికూతురి తల్లి, ఆయనతో మాట్లాడటం లేదట. వడ్డిస్తోంది గానీ మాట్లాడటం లేదు.

"చెరిపేయమని అందరూ చెప్పినారు," అన్నాడు మేనమామ నాతో, ఫోను నొక్కుతూ. "ఎవురి బిడ్డో, తాళి పడతా ఉండేది. దాన్ని యాడ చెరిపేసేది నాయనా? మనసొప్పలా."

ఫోటో బ్లూటూత్‌లో నా ఫోనుకు వచ్చేలోపల నాకు అన్నం పెట్టారు. నాలుగుసార్లు ఆగిపోయి మళ్ళీ మొదలైంది. మజ్జిగ కూడా అయింది. ఆమె తమ్ముడి ఆకులో అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేసి, "తినరా," అంది. ఆయన నా వైపు చూసి కళ్ళతోనే దండం పెట్టినంత పని చేశాడు.

బస్సులో చూసుకున్నాను. ఫోటో వంకరగా ఉంది, మసకగా ఉంది. అక్క వంచిన మెడ, దాని వెనక బావ చేతులు. తాళిబొట్టు ఒక పసుపు చుక్క, అంతే. వాళ్ళ వెనక మా నాన్న. కెమెరా ఉందని ఆయనకు తెలియదు. అక్షింతలు అందరితోపాటు ముందే విసిరేశాడు. వంగి ఏరుకుంటే కూతురు కనబడకుండా పోతుందని కాబోలు, వంగలేదు. ఉత్త చేతులే ఎత్తి, అరచేతులు అక్క వైపు తెరిచి నిలబడ్డాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ ముఖాన్ని నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

అవ్వ ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "బొట్టు కనపడలా," అంది. ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత నాన్న బొమ్మ మీద వేలు పెట్టింది, ఫోను తెర కదిలిపోయింది, మళ్ళీ సరిచేసి ఇచ్చాను.

"మీ నాయన మొగం చూడరా," అంది. "కట్టేసినాడు."

ఆ పూట రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది.

అవ్వ పోయి చాలా కాలమైంది. నాన్న కిందటి ఏడు పోయాడు. గోడకు పెట్టటానికి ఫోటో కావాలంటే, ఇంట్లో ఉన్నవన్నీ రేషన్ కార్డు ముఖాలే. ఆర్.కె.పేట ఫోటో తీసుకుని స్టూడియోకి వెళ్ళాను. స్మైల్ అన్న ఇప్పుడు ముసలివాడయ్యాడు. చాలాసేపు చూసి, పెద్దది చేస్తే గింజలు గింజలుగా పోతుంది తంబీ, వద్దు అన్నాడు. హాల్లో రేషన్ కార్డు నాన్నే ఉన్నాడు, వచ్చినవాళ్ళు ఆయన్నే చూసి పూలు పెడతారు. ఆర్.కె.పేట నాన్నను మాత్రం ఫోను మార్చినప్పుడల్లా కొత్త ఫోనులోకి ముందు ఎక్కిస్తాను.

మొన్నటి పెళ్లిలో చెయ్యి కడుక్కుని వచ్చి, అట్టముక్కను స్కాన్ చేసి, నేను తీసినవి పంపుదామని చూసుకున్నాను. పెళ్లికూతురు ఒక్కదానిలోనూ లేదు. ఆమె తండ్రి గట్టిమేళంలో నిలబడి ఉండగా ఒకటి, నేల మీద అక్షింతలు తొక్కకుండా నడుస్తున్న ఒక ముసలావిడ, నా పక్కన కూర్చున్న పెద్దాయన ఐస్‌క్రీము అందిన క్షణం. అన్నీ పంపించాను. ఆ ఇంట్లో ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రవాడు, ఎవడో చేతగానివాడు తీశాడని, ఒకప్పుడు నేను మా పెదనాన్నను తిట్టుకున్నట్టే తిట్టుకుంటూ ఉంటాడు. తిట్టుకోనీ. చెరిపేయకుండా ఉంటే చాలు.