తట్టి చూడని దిమ్మలు

ఆకివీడులో ఐస్ దిమ్మ కొనేవాళ్లు ముందు దాన్ని తట్టి చూస్తారు. గట్టిదైతే ఒక మోత, లోపల గుల్లయితే ఇంకో మోత. విజయకుమారి మాత్రం ఐస్ ఫ్యాక్టరీ పనివాడు ఎలీయాజరు తొట్టెలోంచి లాగిన దిమ్మని ఏనాడూ తట్టలేదు. ఆవిడ హౌరాకి చేపల లోడ్లు పంపే మనిషి, పైసా దగ్గర మహా పీనాసి. అయినా వ్యాన్ దిగుతూనే, "మీరు లాగినవేనాండీ? అయితే ఎక్కించేయండి" అనేది. ఆ ఒక్క మాటకి ఎలీయాజరు పొంగిపోయేవాడు. జీతం పెంచమని అడగడం కూడా మరిచిపోయేంత వెర్రిబాగులవాడు.

ఈ వేసవిలో రోడ్డుకి అవతల కొత్త ఐస్ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ క్రేను నీళ్లు గడ్డకట్టిన డబ్బాలని వరసకి వరస ఉప్పునీళ్ల తొట్టెలోంచి ఒక్కసారే పైకి లేపుతుంది. ఇక్కడ పదిమంది చేసే పని అక్కడ ముగ్గురు చేస్తారు. వాళ్లు దిమ్మ రేటు తగ్గించారు. ఎలీయాజరు యజమాని ప్రసాదరావు ఇంకాస్త తగ్గించాడు. వాళ్లు మళ్లీ తగ్గించారు. కొనేవాళ్లకి పండగే. తొట్టె దగ్గర పనిచేసేవాళ్లకి మాత్రం నిద్ర కరువైంది. ముందు ఓవర్‌టైము పోయింది, తరువాత ఇద్దరు మనుషులు పోయారు. మూడోవాడు తనేనని ఎలీయాజరుకి గట్టి అనుమానం. యాభై దాటినవాణ్ణి క్రేను దగ్గర ఎవరు పెట్టుకుంటారు?

ఒకరోజు పొద్దున్నే ప్రసాదరావు తొట్టె దగ్గరికి వచ్చాడు. "నడుమ గడ్డకట్టేదాకా చూడకయ్యా. ముందే లాగేయ్. కరెంటు బిల్లు కట్టలేక చస్తున్నాను."

"కొనే పార్టీలు అడిగితేనండి?"

"పైన పొర కడుతుందిగా. ఎవరడుగుతారు?"

తనని తాను తిట్టుకుంటూనే లాగాడు ఎలీయాజరు. సాయంత్రం విజయకుమారి వచ్చి, ఎప్పటిలాగే తట్టకుండా ఎక్కించుకుని వెళ్లింది. హౌరా చేరేదాకా ఆ ఐసు ఆగుతుందా? అతనికి అన్నం సయించలేదు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఆవిడ చేప పాడవుతుంది, బేరం పోతుంది, ఎటు తిరిగీ పని పోతుంది. అసలు ఆవిడ ఇన్నాళ్లూ నమ్మింది ఫ్యాక్టరీని కాదు, తనని.

మర్నాడు వ్యాన్ ఆగగానే, యజమాని వింటున్నాడో లేదో కూడా చూడకుండా ఎదురెళ్లాడు. "అమ్మా, ఇవి గుల్లవండి. నిన్నటివీ గుల్లవేనండి."

విజయకుమారికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"తెలుసండీ. చేపలు సర్దే షెడ్డులో ఐసు పగలగొట్టేటప్పుడు తెలియదా? చాలక అవతలి ఫ్యాక్టరీలో ఇంకో నాలుగు దిమ్మలు కొన్నాను. అవీ గుల్లలే. రేటు తగ్గిందని మురిసిపోయాం గానీ, చివరికి ఖర్చు అంతే అయింది."

చేప పాడవలేదన్నమాట. ఎలీయాజరుకి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఎక్కించమంటారాండీ?"

"ఉండండి. ఉన్నవాటిలో కాస్త గట్టివి ఏరుకుంటాను." ఆవిడ చెప్పులు విడిచింది. "నిన్ననే చెప్పాల్సిందండీ."

పని పోలేదు. బేరమూ పోలేదు. విజయకుమారి తడి గట్టు ఎక్కి, మొదటి దిమ్మ మీదికి వంగి, వేళ్లు మడిచి తట్టింది. తరువాత రెండోది తట్టింది. ఎలీయాజరు దిమ్మలు లాగే కొక్కెం పట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు.