జంట పడవకు కుట్టిన తెరచాప

ఆ పడవ సంగతి మొట్టమొదట నా చెవిన వేసినవాడు సరంగు సాంబయ్య. 1974వ సంవత్సరం, కృష్ణకు కొత్తనీరు వచ్చిన రోజులు. గవర్నర్‌పేటలో మా నాన్నగారి కాన్వాస్ దుకాణం అప్పటికి నా చేతికి వచ్చింది. లారీలకు టార్పాలిన్లు, పెళ్ళిళ్ళకు షామియానాలు, పడవలకు తెరచాపలు కుట్టేవాళ్ళం. సాంబయ్య పడవ నడిపే మనిషి. నడపని వేళ పడవల గురించి మాట్లాడే మనిషి. ఆ పూట దుకాణం మెట్టు మీద కూర్చుని, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, సుగుణమ్మ సిస్టరుగారికి చర్చి సంఘం వాళ్ళు పడవ కొనిపెడుతున్నారని చెప్పాడు.

"కాలవగట్టున రెండు పడవలు చూపించానండి కరుణమ్మగారూ. ఒకటి పెళ్ళికూతురు. రెండోది..." కాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. "రెండోది ఆ పెళ్ళికి వంటవాళ్ళు తెచ్చిన గంగాళం అనుకోండి. సిస్టరుగారు దాని చుట్టూనే తిరుగుతున్నారు. తెరచాప కుట్టేది మీరు కదా, వచ్చి ఒక మాట చెప్పండి."

సుగుణమ్మగారు నర్సు. నది దిగువన, ఏటి మధ్య లంకలకు ఎదురుగా ఉన్న ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆపరేషన్ చేయగల డాక్టరుగారు ఆ చుట్టుపక్కల అక్కడొక్కచోటే ఉండేవారు. లంకల్లో ఎవరికైనా పురుడు కష్టమైతే ఏరు దాటి ఈ ఒడ్డుకు రావాలి. వాళ్ళు వచ్చేవారు కాదు. నిండు చూలాలు ఏరు దాటకూడదని అక్కడ కట్టుబాటు. దాన్ని నేను ఎన్నడూ ఎగతాళి చేయలేదు. ఊగే పడవల్లో, పోటు నీళ్ళలో ఎందరు తల్లులు పోతే పుట్టిన మాటో అది. అందుకని సిస్టరుగారే వాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు, ఎవరి పడవ దొరికితే ఆ పడవలో. దొరకని రోజులు ఉండేవి. ఆమె చేరేసరికి తల దగ్గర దీపం పెట్టేసిన ఇళ్ళూ ఉండేవి.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అక్షరాలు మా అమ్మ ఇంట్లోనే, బైబిలు ఒళ్ళో పెట్టుకుని నేర్పింది. కుట్టు మా నాన్న నేర్పారు. తెరచాప కుట్టడం బట్టలు కుట్టడం లాంటిది కాదు. బట్ట మనిషి కొలతకు కుడతాం. తెరచాప గాలి కొలతకు కుట్టాలి. అంచులు తిన్నగా కత్తిరిస్తే అది దండెం మీద దుప్పటిలా వేలాడుతుంది, గాలి జారిపోతుంది. అంచును రవ్వంత వంపు తిప్పి కత్తిరిస్తే మధ్యలో కొంచెం పొట్ట వస్తుంది, గాలి అక్కడ నిలుస్తుంది. అంచు చుట్టూ పట్టి కుట్టే తాడును బోల్ట్‌రోప్ అంటారు. గాలి గుంజినప్పుడు కాన్వాస్ చినిగిపోకుండా కాచేది అదే. కట్లు దూర్చే ఇత్తడి కళ్ళు ఐలెట్లు. ఈ మూడూ కుదిరితే మన పని అయిపోయింది, మిగతాది పైవాడిది అనేవారు నాన్న. అంత మంచి పని నా చేతికిచ్చినందుకు నేటికీ పొద్దున్నే స్తోత్రం చెప్పుకుంటాను.

కాలవగట్టుకు వెళ్ళి చూశాను. మొదటి పడవ నిజంగా పెళ్ళికూతురే. ఎవరో జమీందారు షికారుకు చేయించుకున్నదట. నూనె పట్టించిన టేకు పలకలు, మూతి దగ్గర చెక్కిన తామరమొగ్గ. చూస్తుండగానే దాని మీద తెల్లటి తెరచాప ఒకటి నా కళ్ళలో విచ్చుకుంది. ఎక్కడ ఎంత వంపు తిప్పాలో వేళ్ళు అప్పుడే అనుకుంటున్నాయి.

రెండోదానికి ఏం పేరు పెట్టాలో ఎవరికీ తెలియదు. రెండు సన్నటి కాలవ పడవలను మధ్యలో ఎడం వదిలి, దూలాలతో బిగించి, పైన బల్లలు పరిచారు. అరటి గెలలు దింపుకోవడానికి ఎవరో రైతు చేయించాడట. వెనక పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను. ముందు ఒక పొట్టి తెరచాప కొయ్య. నడిమిన తాటాకు కప్పు. తెరచాప పడవంటే ఇంజను ఉంది, ఇంజను బోటంటే తెరచాప కొయ్య ఉంది, బల్లకట్టు అందామంటే చుక్కాని ఉంది. "దీన్ని నడిపితే ఒడ్డు మీద మా ఆవిడ కూడా నన్ను ఎరగనట్టు పోద్దండి," అన్నాడు సాంబయ్య.

సుగుణమ్మగారు దానికి నవ్వి, మేం చూస్తుండగానే తెల్లచీర కుచ్చెళ్ళు సర్దుకుని, మొదటి పడవ అడుగున వెల్లకిలా పడుకున్నారు. సాంబయ్య సిగ్గుపడి అటు తిరిగాడు. అతన్ని పడవలో ఈ పక్కనుంచి ఆ పక్కకు నడవమన్నారు. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నారు. తరువాత లేచి వెళ్ళి రెండో పడవ బల్లల మీద అలాగే పడుకుని, అతన్ని అలాగే నడిపించారు. ఆ పైన నన్ను పిలిచారు.

"కరుణమ్మా, పడవ అందం ఒడ్డు మీదవాళ్ళ కోసం. లోపల పడుకున్న మనిషికి కనపడేది పైకప్పొక్కటే. నువ్వూ పడుకుని చూడు."

పడుకున్నాను. షికారు పడవలో సాంబయ్య అడుగు తీసి అడుగు వేస్తే ఆకాశం ఇటు నుంచి అటు ఒరిగింది. నా చేతులు వాటంతటవే పలకల అంచులు పట్టుకున్నాయి. జంట పడవలో బల్ల కింద నీళ్ళు పక్కగదిలో ఎవరో నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి. తాటాకు సందుల్లోంచి వెలుగు సన్నటి జల్లులా ముఖం మీద పడింది. సాంబయ్య నడిచాడో లేదో నాకు తెలియలేదు. ఎవరూ లేపకపోతే ఆ పూట అక్కడే నిద్రపోయేదాన్ని.

ఏది తీసుకుందామని అడిగారు సిస్టరుగారు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మనసు అటుందండి, నడుం ఇటుంది," అన్నాను.

"పురిటి మనిషికి నడుమే ముఖ్యం," అన్నారామె. అంతటితో తేలిపోయింది.

మిగతా సంగతులు సాంబయ్యే, కొంత నిష్ఠూరంగా, ఒప్పుకున్నాడు. షికారు పడవ అడుగు నీళ్ళలో లోతుగా దిగుతుంది. వరద తీసిన తరువాత దిగువన ఎక్కడ పడితే అక్కడ ఇసుక మేటలు వేస్తాయి, వాటిమీద కూర్చుంటుంది. జంట పడవ మోకాటి లోతులోనూ పోతుంది. ఆ రోజుల్లో డీజిల్ దొరకడం గగనం కాబట్టి ఇంజను ఒక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు, గాలి ఆడని రోజున తెరచాప ఒక్కదాన్నీ నమ్ముకోలేం. సంఘం పెద్దల్లో ఒకాయన చందాలు ఇచ్చింది పడవకా గొడ్లసావిడికా అన్నారని విన్నాను. సిస్టరుగారు ఆయనకు వందనాలు చెప్పి ఊరుకున్నారట.

తెరచాప పొట్టిగా, వెడల్పుగా కుట్టాను. తెల్లది కుదరదు, నీటికీ ఎండకూ నిలవాలని తుమ్మచెక్క కాచిన నీళ్ళలో ముంచి ఆరేశాం. ఆరేసరికి తడిసిన మట్టి రంగు తేలింది. తాటాకు తీసేసి, కప్పుకు కూడా అదే కాన్వాస్ వేశాను. పడవను కాలవల మీదుగా, లాకులు దాటించి దిగువకు దింపారు. కొత్త తెరచాప గాలికి ఎలా కూర్చుందో కుట్టినవాళ్ళు ఒకసారి కళ్ళారా చూడాలి, అది మా పనిలో మర్యాద. అందుకని వరద తీసిన తరువాత ఒకరోజు నేనూ బయలుదేరి వెళ్ళాను. ఆ రోజే నాగమణి అనే అమ్మాయి నొప్పులు పడుతోందని లంక నుంచి కబురొచ్చింది.

సాంబయ్య పడవ నడపగా సిస్టరుగారూ నేనూ వెళ్ళేసరికి ఆ పిల్ల ముందురోజు నుంచీ నొప్పులు పడుతోంది. చిన్న ఇల్లు, చూరు కిందికి వంగి ఉంది, లోపల పట్టపగలే చీకటి. సిస్టరుగారు చెయ్యి వేసి చూసి బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందని నెమ్మదిగా చెప్పారు. ఇక్కడ చేయగలిగింది లేదు, డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోవాలి, పొద్దు వాలేలోపు చేరాలి. నాగమణి మొగుడు తల వంచుకుని నిలబడ్డాడు. గుమ్మానికి అడ్డంగా అత్తగారు వీరమ్మ నిలబడింది. పొడుగాటి మనిషి, ఎండకు కాలిన ముఖం, గట్టిగా బిగించిన పెదవులు.

"నా కోడలు ఏరు దాటదు సిస్టరమ్మా. చెయ్యగలిగింది ఇక్కడే చెయ్యి. నీ వల్ల కాకపోతే దేవుడున్నాడు."

సుగుణమ్మగారు వాదించలేదు. "దాటించనమ్మా," అన్నారు. "లోపల గాలాడట్లేదు. ఒడ్డున పడవలో పడుకోబెట్టుకుందాం. గుంజకు చుట్టిన పడవ తాడు కొస నీ చేతిలోనే ఉంచుకో. నువ్వు వదిలితేనే వదిలినట్టు."

నులక మంచం మీద నాగమణిని ఒడ్డుకు మోసుకొచ్చారు. వీరమ్మ పడవను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చూసింది. "ఇదేం పడవ? మా ఇంటి అరుగులా ఉంది," అంది. మరోరోజైతే సాంబయ్య నొచ్చుకునేవాడు. ఆ పూట మాత్రం, "అరుగేనమ్మా, మెట్టు ఒక్కటే లేదు, చూసి ఎక్కండి," అని చెయ్యి అందించాడు.

నాగమణి తలను ఒళ్ళో పెట్టుకుని వీరమ్మ బల్లల మీద కూర్చుంది. ఒక చేతిలో తాడు, ఒక చెయ్యి కోడలి నుదుటి మీద. సముద్రపు గాలి అప్పుడే మొదలైంది. కప్పు కింద మట్టిరంగు నీడ. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య నాగమణి కళ్ళు తెరిచి, "అత్తా, కదలట్లేదు," అంది.

సిస్టరుగారి చెయ్యి చటుక్కున ఆమె పొట్ట మీదికి పోయింది. వీరమ్మ కోడలి మీదికి వంగింది. "ఏంటే కదలంది?"

"పడవ. నీళ్ళ మీదున్నట్టే లేదు."

వీరమ్మ చాలాసేపు నది వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు అవతలి ఒడ్డు మీద లేదు. ఆ నీళ్ళలోనే ఎక్కడో ఉంది. తరువాత తల తిప్పకుండానే అడిగింది.

"సాంబయ్యా, అరుగు ఏరు దాటితే మనిషి దాటినట్టా?"

సాంబయ్య సిస్టరుగారి వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నారు. అతనే గొంతు సవరించుకుని చెప్పాడు. "అరుగు మీద కూర్చున్నోళ్ళు కూర్చున్నచోటే ఉంటారు కదమ్మా. దాటేది అరుగు."

వీరమ్మ గుప్పిలి విప్పింది. తాడు నీళ్ళలోకి జారింది.

సగం దూరం ఇంజను మీద పోయాం. వరదకు కాలవల్లోంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క నది నడుమ దట్టంగా తేలుతోంది. అది నీళ్ళలో తిరిగే రెక్కలకు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. సాంబయ్య తిట్టుకోలేదు, తెరచాప ఎత్తాడు. ఆ చప్పుడంతా పోయిన తరువాత వచ్చిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. కాన్వాస్ ఒకసారి రెపరెపలాడి, పొట్ట నిండి, నిలిచింది. నా చేతి కుట్లన్నీ కలిసి ఊపిరి పీల్చినట్టు అనిపించింది. రెండు ఒడ్లూ దూరంగా, పొగలా ఉన్నాయి. మేం కదులుతున్నామో, నదే మా కిందుగా వెళ్ళిపోతోందో తెలియలేదు. లంకలో రెల్లుపూలు తెల్లగా వెనక్కి పోతున్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా నాగమణి మూలుగు, బల్ల కింద నీళ్ళ మాటలు, అంతే. ఇసుక మేట తగిలినచోట సాంబయ్య గెడ వేసి నెట్టాడు. పడవ మీద ఒక్క కుదుపు లేదు. దారి పొడుగునా వీరమ్మ కళ్ళు కప్పు మీదే ఉన్నాయి. నీళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అరుగు మీద కూర్చున్న మనిషి నీళ్ళు చూడకూడదని అనుకుందేమో.

పొద్దు ఇంకా ఉండగానే చేరాం. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆసుపత్రి వసారాలో మోకరించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని లేచేసరికి, సాంబయ్య పడవ దగ్గర నిలబడి, ఆ రెండు మూతులనూ తలగుడ్డతో తుడుస్తున్నాడు.

మర్నాడు పొద్దున వీరమ్మ బట్టలు తెచ్చుకోవడానికి లంకకు తిరిగి వెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. నది మధ్యకు వచ్చాక తనే మొదలుపెట్టింది.

"మా పెద్దపిల్లను ఆపింది కూడా నేనేనమ్మా. దానికీ బిడ్డ ఇలాగే అడ్డం తిరిగింది. అప్పుడూ పడవ ఒడ్డుకొచ్చింది. ఏరు దాటకూడదని పంపలేదు." కొంచెం ఆగి అంది. "నిన్న తాడు వదిలితే ఆనాడు పట్టుకున్నది తప్పని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే కదా. అందుకే అంతసేపు పట్టింది."

ఆమె చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కూతురి పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

తరువాత ఆ పడవ ఎందరినో దాటించింది. చూలాలిని ఎక్కించేటప్పుడు లంకల వాళ్ళు దాన్ని అరుగనే అనేవారు. పడవ అని ఎవరైనా అంటే పెద్దవాళ్ళు కసిరేవారు. వస్తువు ఎలా కనపడుతుందో కాదు, అందులో ఎవరు ఎలా పడుకుంటారో చూడమని ఆ పని నాకు నేర్పింది. అప్పటి నుంచి ఏ కాన్వాస్ కొలత తీసుకున్నా, దీని కింద ఉండేది ఎవరని అడిగాకే కత్తెర పట్టుకున్నాను. కానీ ఇదంతా రాసింది పడవ కోసమూ కాదు, నా తెరచాప కోసమూ కాదు. నేను కుట్టినది గాలిని పట్టుకుంది. బరువైన పని చేసింది మరొకరు. చదివినవారు ఎవరికి మొక్కేవారైనా సరే, ఏదో ఒక వేళ కృష్ణ దాటుతున్నప్పుడు, తన పాత దుఃఖాన్ని మళ్ళీ తెరుచుకుని కోడలి కోసం గుప్పిలి విప్పిన ఆ లంక వీరమ్మను ఒక్కసారి తలుచుకోండి.