మొదటి గింజ పెద్దావిడదే

అపోండి ఇంటికి గడ్డి కప్పు ఉంది కాబట్టి సాయం డబ్బు వచ్చింది. ఆమె సవతి రోజెలీడా ఇంటికి రేకుల కప్పు ఉంది కాబట్టి రాలేదు. ఆ రేకులు వేయించిన మొగుడు సరస్సులో పడవ మునిగి చనిపోయాడని, వాటి కింద పొయ్యి రోజూ వెలగదని సాయం చేసే సంస్థవాళ్లకు ఎవరు చెబుతారు? కప్పు చూశారు, వెళ్లిపోయారు.

ఉయోమా వైపు నుంచి రెండో పెళ్లాంగా వచ్చిన నాటి నుంచీ అపోండి కష్టజీవి. వచ్చిన డబ్బులో ఒక్క షిల్లింగు వృథా చేయకుండా బొండో సంతలో మేలురకం మొక్కజొన్న విత్తనం, ఎరువు కొంది. అంత తెలివైన మనిషీ ఒక్కచోట బోర్లాపడింది. కొనేముందు పెద్దావిడ రోజెలీడాకు మాటమాత్రమైనా చెప్పలేదు.

పెద్ద భార్య తన చేలో మొదటి గింజ వేసేదాకా చిన్న భార్య విత్తకూడదని అక్కడి ఆచారం. కాదని విత్తితే ఇంటికి కీడంటారు. కీడు మాట దేవుడెరుగు, అలాంటి చేలో కలుపు తీయడానికి బదులుపనికి ఊళ్లో ఒక్క ఆడమనిషీ అడుగుపెట్టదు. ఒంటిచేత్తో కలుపును గెలిచినవాళ్లు లేరు.

వాన పడింది. రోజెలీడా గుమ్మంలో కూర్చుని చిరుచేపలు ఏరుకుంటోంది, చేను వైపు కన్నెత్తి చూడలేదు. పదును ఆరిపోతే అపోండి పిల్లలకు ఏడాది తిండి పోయినట్టే.

సంస్థ ఉద్యోగి ఒడెరో మోటారుసైకిలు మీద వచ్చాడు.

“డబ్బందింది, విత్తనముంది, వానా పడింది. ఇంకా దేనికమ్మా ఆగావ్?”

“పెద్దావిడ ఇంకా విత్తలేదు బాబూ.”

“ఆవిడకెంతిస్తే విత్తుతుంది?”

“డబ్బుకి లొంగే మనిషైతే నాకీ తిప్పలెందుకు? నువ్వెళ్లు. ఇది నేను చూసుకోవాల్సిన పని.”

ఆ మధ్యాహ్నమే అపోండి సగం విత్తనం మూటగట్టుకుని సవతి గుమ్మానికి వెళ్లింది. రోజెలీడా మూటను చూసి నవ్వింది.

“దొరసానిగారు ముష్టి పంచడానికొచ్చారా? దిగు నా గుమ్మం!”

మరొకతైతే ఏడ్చుకుంటూ ఇంటికి పోయేది. అపోండి మొండిఘటం. మూట ఇంట్లో పడేసి, పార భుజాన వేసుకుని నేరుగా రోజెలీడా చేలోకి దిగింది. పొద్దుగూకేదాకా గడ్డి పెళ్లగించింది. మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ అక్కడే సాళ్లు తీస్తోంది.

“సవతికి పాలేరువయ్యావేంటే?” అని దారినపోయే ఆడవాళ్లు ఎకసెక్కమాడారు.

“అవును, జీతం బాగా ఇస్తుంది” అంటూ పార ఎత్తింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నేల ఆరిపోతోందేమోనని మాటిమాటికీ మట్టి పిసికి చూసుకుంది.

ఎండెక్కాక రోజెలీడా వచ్చి గట్టున నిలబడింది.

“ఆ సాలేంటి, అన్ని వంకర్లు పోయింది? మీ అమ్మ నేర్పలేదా?”

“నువ్వు నేర్పక్కా. కొనేముందు నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. కానీ నువ్వు వెయ్యందే నేను వెయ్యను. నా విత్తనం పుచ్చిపోయినా సరే.”

రోజెలీడా ఇంట్లోకి వెళ్లింది. పొగచూరిన కంకులు పట్టుకుని తిరిగొచ్చింది. పొయ్యి మీద వేలాడదీసి, ఆకలిరోజుల్లో కూడా ముట్టకుండా దాచినవి.

అపోండి నోరెళ్లబెట్టింది. “విత్తనం ఉందా అక్కా?”

“ఎప్పుడూ ఉంది. మన ఆయన పోయాక, ‘అక్కా, ఎప్పుడు విత్తుదాం’ అని ఒక్కసారన్నా అడిగావా?”

రోజెలీడా కంకి నుంచి ఒక గింజ ఒలిచింది. వంగి, దాన్ని నేలలో వేసి, పాదంతో మట్టి కప్పింది.

“ఇంకా నిలబడ్డావేం? నీ చేనుకి నడు. ఆ పార ఇటివ్వు, నేనూ వస్తున్నా.”