జూలీ కూర్చున్న చోటు

ఏలూరు పవర్‌పేటలో నేను గేమ్స్ సెంటర్ పెట్టి మూడేళ్ళయింది. వచ్చేవాళ్ళంతా కార్లు గుద్దడానికీ, తుపాకులు పేల్చడానికీ వస్తారు. హెడ్ కానిస్టేబులు వరదానంగారొక్కరే కుక్కని షికారు తిప్పడానికి వస్తారు.

ఒక పోలీసాఫీసరు, అతని కుక్క. ఆ గేమ్ మూడు భాగాలూ నా దగ్గరున్నాయి. ఒక బటన్ నొక్కితే కుక్క వాసన పడుతుంది, నేల మీద పచ్చటి గీత కనిపిస్తుంది, గీత వెంట పరిగెడితే చివర్న దొంగ ఉంటాడు. వరదానంగారు ఆ బటన్ జోలికి పోరు. పోలీసునీ కుక్కనీ ఆ తెలియని ఊరి వీధుల్లో ఊరికే నడిపిస్తారు. కాసేపు చెట్టు కింద ఆపుతారు, మళ్ళీ నడిపిస్తారు. "దొంగని పట్టరాండీ?" అని మొదట్లో అడిగాను. "ఎవరో ఒకరు పడతార్లెండి ఫణిగారూ," అన్నారు. ఆ గొంతు విన్నాక మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

ఒక్కసారి మాత్రం కోపమొచ్చింది ఆయనకి. రెండో భాగంలో కుక్క నది ఈది, అవతలి గట్టున వాసన మళ్ళీ అందుకుంటుంది. "ఇది చేసినోడు కొల్లేరు చూళ్ళేదండీ," అన్నారు.

ఆయన బాధ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. జిల్లా డాగ్ స్క్వాడ్‌లో ఆయన చేతి కింద పెరిగిన డాబర్‌మ్యాన్ పేరు జూలీ. ఇంట్లో ఆయన భార్య హన్నమ్మగారు "నన్ను కూడా ఇంత బాగా చూసుకోలేదు మహానుభావుడు" అని దెప్పేవారు. మెట్ట మీద, జంగారెడ్డిగూడెం వైపు, జూలీకి మంచి పేరే ఉండేది. కొల్లేటి వైపు పిలిస్తే మాత్రం తలవంపులే. అక్కడ ఏ దారైనా నీళ్ళలోకే పోతుంది. దొంగ నాలుగడుగులు వేసి చెరువులో దిగుతాడు. కుక్క గట్టు దాకా వచ్చి నీళ్ళకేసి చూసి మూలుగుతుంది. ఇది నీళ్ళ తప్పని ఏ అధికారీ రాయడు, కుక్క తప్పనే రాస్తాడు. ఇంకొక్కసారి ఉత్త చేతులతో వస్తే జూలీని స్క్వాడ్‌లోంచి తీసేస్తామని చెప్పేశారు. తీసేస్తే ఇంటికి తెచ్చుకుందామంటే, ఆయనుండేది మేడ మీద అద్దె వాటా. ఇంటావిడ పిల్లినే మెట్లెక్కనివ్వదు.

కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటేడు వేసవిలో ఆకివీడు అవతల ఒక చేపల చెరువు మీద ఆయిల్ ఇంజను పోయింది. జూలీని తీసుకెళ్ళారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. జూలీ షెడ్డు దగ్గర వాసన పట్టి, గట్టు వెంట నడిచి, నీళ్ళ దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు తిప్పినా అంతే. ఎస్సైగారు టీకి వెళ్ళిపోయారు. చూడొచ్చిన జనం కూడా విసుగేసి అవతలి గట్టున నీడకి చేరారు.

డాగ్ స్క్వాడ్ వాళ్ళకో అలవాటుంది. కుక్క రోజంతా వెదికి ఏమీ దొరక్కుండా ఇంటికి వెళ్ళకూడదు. వెళితే దానికి మనసు విరిగిపోతుంది, మర్నాడు పనికి లేవదు. అందుకని పనయ్యాక హ్యాండ్లరు తన జేబురుమాలు ఎక్కడో దాచి, దాని చేత వెదికించి, దొరగ్గానే మెచ్చుకుంటాడు. ఆ పని ఏలూరొచ్చాక గ్రౌండులో చెయ్యాలి. కానీ జూలీ తల వేలాడేసింది. చూడలేకపోయారు వరదానంగారు. అక్కడే, చేతికందిన చోట, కాపలావాడు సీమోను గుడిసె చూరులో రుమాలు దోపారు. జూలీ గబగబా వెళ్ళి, గుడిసె ముందు కూర్చుని మొరిగింది.

అవతలి గట్టున జనం లేచారు.

ఆయన విషయం చెప్పేలోపే సీమోను చేతులు వలతాడుతో కట్టేశారు. రెండు దెబ్బలు కూడా పడ్డాయి. చెరువు ఆసామి "తిండి పెట్టిన చేతినే కరిచావురా," అని కాలెత్తాడు. వరదానంగారు అడ్డం పడ్డారు. "ఆగండాగండి! అది నా రుమాలండీ, నేనే దాచాను. కుక్కకి దొంగెవరో తెలీలేదండీ!"

ఎవరూ నమ్మలేదు. "మనిషైతే అబద్ధమాడతాడు గానీ కుక్క ఆడుద్దా అండీ?" అన్నాడొక పెద్దాయన. అందరూ తలలూపారు. అప్పటికి ఎస్సైగారు వచ్చి ఆయన్ని పక్కకి లాగారు. "ఏంటయ్యా ఇది! దొరికిందని రాసుకుంటే నీ కుక్క నిలబడుద్ది కదా. వాడు తియ్యకపోతే విచారణలో వాడే బయటపడతాడు."

జూలీ అప్పుడాయన కాలికి ఆనుకుని నిలబడి ఉందట. తోక లేని నడుమంతా ఊగుతోందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

ఆయన చూరులోంచి రుమాలు తీసి ఆసామి చేతికిచ్చారు. "నేను అటు తిరిగి, దాని కళ్ళు మూసి నిలబడతానండీ. మీకిష్టమైన చోట దాచండి," అన్నారు. ఆసామి దాన్ని తన మోటారు సైకిల్ సీటు కింద దాచాడు. జూలీ తిన్నగా వెళ్ళి బండి ముందు కూర్చుని, ఆసామి మొహంలోకి చూసి మొరిగింది.

జనం విరగబడి నవ్వారు. "అయితే ఇంజను తమరే తీశారాండీ?" అని ఒకడు ఆసామినే ఆటపట్టించాడు. "గవర్నమెంటు కుక్క గుడ్డపీలికలు ఏరుకుంటందిరోయ్" అని ఇంకొకడు ఈల వేశాడు. ఎస్సైగారి మొహం మాడిపోయింది. ఆ నెలలోనే జూలీ పేరు కొట్టేశారు. జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పామాయిల్ తోటకి కాపలాగా పోయింది. వరదానంగార్ని ట్రెజరీ గార్డులో వేశారు. చూడ్డానికి వెళ్ళకూడదా అని అడిగాను. "వెళితే నా వెనకాలే వచ్చేద్దావనుకుంటదండీ," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఒక అమాయకుణ్ణి విడిపించిన మనిషికి ఇదా దక్కేది? "ఆ సీమోనైనా దణ్ణం పెట్టాడాండీ?" అన్నాను.

ఆయన స్క్రీన్ మీది కుక్కని చెట్టు కింద ఆపారు.

ఆ రోజు జనం పలచబడ్డాక సీమోను వచ్చాడట. మణికట్టు మీద తాడు ఒరుసుకున్న చోట రుద్దుకుంటూ, జూలీకి దూరంగా నిలబడ్డాడట.

"అయ్యగారూ, నిజం చెప్పండి. నేను తియ్యలేదు కదండీ?"

"లేదు నాయనా. నువ్వు తియ్యలేదు. అది నా రుమాలు."

సీమోను తల ఊపాడు గానీ కదల్లేదు.

"మరి కుక్క కూర్చుంది కదండీ," అన్నాడు.