మడిచిన రొట్టె

పరకాల చుట్టుపక్కల పెళ్లిళ్లకు బగారన్నం వండీ వండీ వంటల ఐలయ్య జుట్టు నెరిసింది. హనుమకొండ షావుకారు ఇంటి పెళ్లిలో మాత్రం ఆయనకు ఏమీ పాలుపోలేదు. పెళ్లికొడుకు ఫోన్‌లో ఫొటో చూపించి, మెక్సికో మక్కజొన్న రొట్టె మీద మధ్యధరా తీరపు శనగల ముద్ద, ఆలివ్ కాయలు పెట్టమన్నాడు. వండడం వండాడు గానీ, దాన్ని ఎలా తినాలో ఐలయ్యకే తెలియదు.

"గిదెట్ల తినాలె?" అని ఓ ముసలాయన అడిగేసరికి ఐలయ్య చుట్టూ చూశాడు. అంతలో పెళ్లికూతురి చెల్లెలు స్ఫూర్తి రొట్టెను మడిచి కొరుకుతూ కనిపించింది. ఐలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"మడిచి కొరకాలె పెదనాయినా, వాళ్ల దేశంల గంతే!" అన్నాడు. ఏ దేశమని అడగకుంటే చాలనుకున్నాడు. ఇక ఫంక్షన్ హాలంతా మడిచి కొరకడమే.

భోజనాలయ్యాక స్ఫూర్తి వచ్చింది. "అంకుల్, కౌంటర్ మీద మీరు మడిచిపెట్టింది చూసే నేను గూడ మడిచిన. నిజంగ అట్లనే తింటరా?"

ఐలయ్య గతుక్కుమన్నాడు. ఆ రొట్టెను ఆయన మడిచింది ఈగలు వాలుతున్నాయని.